క్వార్టర్ సీసా... రెండిళ్ల లెక్క

దీపావళి వెళ్లి నాలుగు రోజులు. 2025 అక్టోబరు 24, తెల్లవారుజాము మూడు గంటల వేళ. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు స్లీపర్ బస్సులో అందరూ మంచి నిద్రలో ఉన్నారు. బస్సు కర్నూలు దాటింది. చిన్నటేకూరు దగ్గర రోడ్డు మీద ఓ బైకు పడి ఉంది. అంతకు కాసేపటి ముందే అది అదుపు తప్పి డివైడర్‌ను గుద్దుకుంది. నడిపిన కుర్రాడు చనిపోయాడు. వెనక కూర్చున్న స్నేహితుడు బతికాడు. అంతలోనే వచ్చిన బస్సు ఆ బైకు మీదికి ఎక్కి, దాన్ని ఈడ్చుకుంటూ పోయింది. ముందు నిప్పురవ్వలు, వెంటనే మంటలు. బస్సులోని 19 మంది కాలిపోయారు. ఎవరు ఎవరో పోల్చుకోవడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. బైకు మీదున్న ఇద్దరూ మద్యం తాగి ఉన్నారని తర్వాత ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది.

బస్సులో లోపాల సంగతి వేరు, దాని మీద కేసులూ వేరు. కానీ ఆ రాత్రి ఆ బైకు ఇంటి దగ్గరే ఉండిపోయి ఉంటే? ఈ ప్రశ్న ఆ 19 మంది కుటుంబాలనే కాదు, మరో ఇంటినీ జీవితాంతం వదలదు. ఆ కుర్రాడికీ ఓ ఇల్లుంది. కొడుకు పోయిన దుఃఖంతో పాటు ఊరంతా వేలెత్తి చూపుతుంటే తలదించుకోవాల్సిన బాధ కూడా ఆ ఇంటికి మిగిలింది. ఈ ఘటన తర్వాత హైదరాబాద్ పోలీస్ కమిషనర్ సజ్జనార్, తాగి బండి నడిపేవాళ్లను ఉగ్రవాదులతో పోల్చారు. మాట కటువుగా ఉందన్నవాళ్లూ ఉన్నారు. అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లకు మాత్రం అలా అనిపించి ఉండదు.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో తాగి నడపడం వల్ల పోయిన ప్రాణాలు రెండున్నర శాతమే అని రాసుకున్నారు. నమ్మశక్యంగా లేదు కదూ! రాత్రివేళ ఎక్కడో బండి చెట్టును గుద్దితే, పడినవాళ్లను ఆసుపత్రికి చేర్చడమే గగనం. సకాలంలో రక్తం తీసి పరీక్షకు పంపేదెవరు? పరీక్ష జరగకపోతే ఆ చావు ‘అతివేగం’ ఖాతాలోకి పోతుంది. తాగినవాడికి వేగం ఎందుకొచ్చిందో ఆ కాగితం చెప్పదు.

‘నాకు రెండు పెగ్గులు లెక్కే కాదు’ అనే మాట ప్రతి విందులోనూ వినబడుతుంది. చట్టం లెక్క మాత్రం వేరేగా ఉంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షను చెప్పేది ఇదే. ఇప్పుడు పెగ్గుల్లోకి వద్దాం. 60 మిల్లీలీటర్ల లార్జ్ పెగ్గు విస్కీలో ఇంచుమించు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 70 కిలోల మగమనిషి ఖాళీ కడుపుతో గబగబా తాగితే, ఆ ఒక్క పెగ్గుకే రక్తంలో 40 మిల్లీగ్రాములు దాటొచ్చు. ఒళ్లు తక్కువున్నవాళ్లకు, ఆడవాళ్లకు ఇంకా ఎక్కువ. ‘బీరే కదా’ అనేవాళ్లకూ ఓ మాట. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసా ఇంచుమించు రెండు లార్జ్ పెగ్గులకు సమానం.

దిగడం మరీ నిదానం. కాలేయం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే తగ్గించగలదు. నిమ్మకాయ నీళ్లు, మజ్జిగ, నెత్తిన చన్నీళ్లు, కడక్ చాయ్... ఏదీ ఆ పనిని తొందరపెట్టలేదు. చాయ్ తాగితే నిద్రమత్తు వదులుతుందేమో, రక్తంలో మందు అలాగే ఉంటుంది. క్వార్టర్ సీసా పూర్తిగా తాగినవాడి రక్తంలో ఈ లెక్కన 120 మిల్లీగ్రాముల పైనే చేరుతుంది. అర్ధరాత్రి ముగించి పడుకుంటే చట్టం గీసిన గీత కిందికి రావడానికి తెల్లవారి ఆరు దాటుతుంది. పాప స్కూలు ఆటో రాలేదని నాన్న హడావుడిగా బండి తీసే వేళ అది! రాత్రి తాగింది ఉదయానికి పోయిందనుకుంటాడు. వెనక సీట్లో పుస్తకాల సంచీతో కూర్చున్న పాపకు ఈ లెక్కలు తెలియవు.

తాగి నడపడం అర్ధరాత్రి వ్యవహారమే అనుకోవడానికీ లేదు. 2016 జులై 1న హైదరాబాద్ పంజాగుట్టలో ఇంజినీరింగ్ విద్యార్థుల కారు డివైడర్ దాటి ఎదురుగా వస్తున్న కారు మీద పడింది. అప్పటికింకా పొద్దు పోలేదు. కుర్రాళ్లు బార్ నుంచి వస్తున్నారు. 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదన్నది తెలంగాణలో నిబంధన. అది ఆ బార్ గుమ్మం దాటి లోపలికి వెళ్లలేదు. ఒక చిన్నారితో సహా ఒకే కుటుంబంలో ముగ్గురు పోయారు. ఆ చిన్నారి ఆసుపత్రిలో కొన్ని రోజులు మృత్యువుతో పోరాడి ఓడిపోయింది. ఆ రోజుల్లో రెండు రాష్ట్రాల్లోనూ ఆ పాప గురించి మాట్లాడుకోని ఇల్లు లేదు.

మరి శిక్షలో? తాగి దొరికితే మొదటిసారి 10 వేల రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. 2019 సవరణకు ముందు ఆ జరిమానా రెండు వేలే. ప్రాణం పోతే కథ వేరు. పాత శిక్షాస్మృతిలో నిర్లక్ష్యం వల్ల మరణానికి గరిష్ఠంగా రెండేళ్లు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దాన్ని అయిదేళ్లకు పెంచారు. ప్రాణాలు పోతాయని తెలిసే నడిపాడని రుజువైతే పదేళ్ల దాకా వేయొచ్చు. చిక్కంతా ఆ రుజువు దగ్గరే. ముంబయి కార్టర్ రోడ్డులో 2006 నవంబరు 12 తెల్లవారుజామున, కాలిబాట మీద నిద్రపోతున్న కూలీల మీదికి ఓ యువకుడు కారు ఎక్కించాడు. ఏడుగురు చనిపోయారు. కింది కోర్టు వేసిన శిక్ష ఆరు నెలల 15 రోజులు! హైకోర్టు దాన్ని మూడేళ్లు చేసింది. సుప్రీంకోర్టు 2012 జనవరిలో ఖరారు చేసింది. మనిషికి ఇన్ని నెలలని లెక్కేస్తే కడుపు రగులుతుంది.

జైలు సంగతి అలా ఉంచి, పోయిన మనిషికి కోర్టు ఎలా ఖరీదు కడుతుందో చాలా ఇళ్లకు తెలియదు. తెలిసే రోజు రాకూడదు కూడా. 28 ఏళ్ల మెకానిక్ ఒకడు నెలకు 15 వేలు సంపాదిస్తున్నాడనుకోండి. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీదే ఆధారపడ్డారు. సుప్రీంకోర్టు 2009లో, 2017లో ఇచ్చిన తీర్పుల ప్రకారం లెక్క ఇలా సాగుతుంది. ముందు ముందు సంపాదన పెరిగేది కదా, అందుకని 40 శాతం కలుపుతారు. 21 వేలయింది. బతికుంటే తన మీద తాను ఖర్చు పెట్టుకునేవాడని నాలుగో వంతు తీసేస్తారు. 15,750 మిగిలింది. ఏడాదికి 1,89,000. వయసును బట్టి దాన్ని 17తో హెచ్చిస్తారు. 32,13,000 రూపాయలు. దీనికి తోడు అంత్యక్రియలకు 15 వేలు. ఆస్తి నష్టం కింద మరో 15 వేలు. భర్త తోడు కోల్పోయినందుకు భార్యకు 40 వేలు. ఈ చిల్లర పద్దుల్ని మూడేళ్లకోసారి 10 శాతం పెంచాలని కూడా కోర్టు చెప్పింది. తోడుకు 40 వేలు! కోర్టునూ తప్పు పట్టలేం. ఏదో ఒక అంకె వేయక తప్పదు, ఏ అంకె వేసినా చాలదు.

పోయింది ఇల్లాలైతే? ‘ఆమెకు సంపాదన లేదు కదా’ అని ఒకప్పుడు తేలిగ్గా కొట్టిపారేసేవారు. ఇంటి చాకిరీకీ విలువ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2021 జనవరిలో గట్టిగా చెప్పింది. రాత్రి జ్వరం వచ్చిన పిల్లాడి పక్కన ఎవరు కూర్చోవాలన్నదానికి మాత్రం ఏ తీర్పులోనూ జవాబు దొరకదు.

ఇదంతా పోగొట్టుకున్న ఇంటి లెక్క. తాగి నడిపిన ఇంటికీ ఓ లెక్క ఉంది. దాన్ని ఎవరూ ముందు చూడరు. బండికి బీమా ఉంది కదా అన్న ధీమా అసలు పనికిరాదు. తాగి నడుపుతూ గుద్దితే సొంత బండి మరమ్మతుకు బీమా కంపెనీ డబ్బివ్వదు. బ్రెత్ ఎనలైజర్ పరీక్ష జరగకపోయినా, ఇతర సాక్ష్యాలు గట్టిగా ఉంటే కంపెనీ కాదనొచ్చని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో తేల్చింది. అవతలివాళ్లకు ఇవ్వాల్సిన పరిహారాన్ని ముందు కంపెనీతో కట్టించి, తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పిన కేసులున్నాయి. యజమాని అంటే ఒక్కోసారి బండి కొనిచ్చిన తండ్రి. లేదంటే ‘ఒక్క గంటలో తెచ్చిస్తా’నంటే నమ్మి తాళం ఇచ్చిన బావమరిది. 32 లక్షలంటే సామాన్యుడికి ఇల్లో, పొలమో. ఇక తాగినవాడే చనిపోతే యజమానికి బీమాలో ఉండే 15 లక్షల ప్రమాద కవరేజీ కూడా దక్కదు. మద్యం మత్తులో జరిగితే చెల్లదని పాలసీ కాగితంలోనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. భర్త పోయాక ఆ కాగితం తీసి చదివే భార్య పరిస్థితి ఊహించుకోవాల్సిందే.

ప్రమాదం మన కళ్లముందే జరిగితే పోలీసులు వేధిస్తారని వెనకాడే రోజులు కావివి. సాయం చేసినవాళ్ల మీద కేసులు పెట్టకూడదని 2019 సవరణలోనే ఉంది. పేరు చెప్పమని బలవంతం చేయడానికీ లేదు. ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు లేకుండా చికిత్స అందించే పథకాన్ని కేంద్రం 2025 మేలో ప్రకటించింది. పరిహారం కేసుకు సవరించిన చట్టం ఆరు నెలల గడువు పెట్టింది. దాని మీద సుప్రీంకోర్టులో వివాదం నడిచింది గానీ, కర్మకాండలు ముగిశాక ఇంట్లో ఒకరు ఎఫ్‌ఐఆర్ నకలు తెచ్చిపెట్టుకోవడం మంచిది.

ఇంకేమీ జరక్కముందే, రోడ్డు మీద బ్రెత్ ఎనలైజర్‌కు దొరికిపోయినవాళ్లు నిజానికి అదృష్టవంతులు. హైదరాబాద్‌లో పోలీసులు 2011 నుంచి ఈ తనిఖీలను పెద్దఎత్తున చేస్తున్నారు. దొరికినవాళ్లను కోర్టుకు పంపే ముందు గోషామహల్, బేగంపేటల్లోని ట్రాఫిక్ శిక్షణ సంస్థల్లో కౌన్సెలింగ్‌కు కూర్చోబెట్టే పద్ధతి తెచ్చారు. ఒంటరిగా వస్తే కుదరదు. ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకు రావాలి. పెళ్లయినవాళ్లయితే భార్య, కానివాళ్లయితే అమ్మో నాన్నో. ప్రమాదాల దృశ్యాలు తెర మీద నడుస్తుంటే పక్కన కూర్చున్న తండ్రి ముఖం చూడలేక తల దించుకునే కుర్రాడికి 10 వేల జరిమానా పెద్ద విషయం కాదనిపించొచ్చు. రోజు కూలీ ఇళ్లలో మాత్రం ఆ జరిమానాకు తోడు ఇంకో నష్టం కూడా ఉంది. ఆ రోజు పని మానుకుని రావాల్సింది ఇద్దరు.