ఆటల కూటములు - విద్యార్థి ప్రయాణము

చదువునకును ఆటకును వైరము లేదని తరగతిగదిలో మేము తఱుచుగా చెప్పుచుందుము. ఈ యేడు మఱియొక ప్రశ్నను పాఠకుల యెదుట నుంచ దలచితిమి. ఏ కళాశాల ఏ కళాశాలతో ఆడవలయును? ఆ హద్దును గీయవలసినది ధనమా, కాగితముపైని అనుబంధమా, లేక ఆడెడి విద్యార్థి పోవలసిన దారియా? దారియే యని మా యభిప్రాయము.

ధనము హద్దు గీసిన నేమగునో అమెరికా దేశము చూపినది. అచ్చటి విశ్వవిద్యాలయములు పూర్వము ఇరుగుపొరుగువారితో కూటములు కట్టి ఆడుచుండెడివి. పసిఫిక్ తీరమున 1915లో మొదలైన కూటమి క్రమముగా పెరిగి ‘పాక్-12’ అని పేరొందెను. 2024లో అందలి పండ్రెండు విద్యాలయములలో పది విడిచిపోయినవి, రెండే మిగిలినవి. పసిఫిక్ తీరపు స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము అట్లాంటిక్ తీరము పేరుగల కూటమిలో చేరినది! ‘బిగ్ టెన్’ అను కూటమి పేరునకు పది, లెక్కకు పదునెనిమిది. ఆ దేశపు ఫుట్‌బాలు ఆటను టెలివిజనులో చూపు హక్కులకు వచ్చు ధనమే ఇందుకు ముఖ్యకారణము. ఆ ధనము ఫుట్‌బాలుది; కాని ప్రయాణభారము వాలీబాలు ఆడు బాలికమీదను పడుచున్నది. ఒక సముద్రతీరమునుండి మఱియొక తీరమునకు పోయివచ్చు ఆమెకు పాఠము వినుటకు తీరిక యెక్కడిది?

మన దేశమున ఇంత ధనము లేదు. అయినను చిక్కు లేకపోలేదు. ఇచ్చట హద్దును గీయునది అనుబంధము. ఒక విశ్వవిద్యాలయమునకు చెందిన కళాశాలలు తమలో తామాడును. వానినుండి ఏర్చబడిన జట్టు మండలపు పోటీలకు పోవును. 1925లో పుట్టి, నేడు భారత విశ్వవిద్యాలయ సంఘమనబడు సంస్థ ఆ పోటీలను జరిపించుచున్నది. మన ఇబ్రహీంపట్నము ప్రాంతమున ఉస్మానియాకు చెందిన డిగ్రీ కళాశాలలు కలవు; హైదరాబాదు జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు చెందిన ఇంజనీరింగు కళాశాలలును కలవు. ఒకే బస్సులో వచ్చు ఇద్దరు విద్యార్థులు తమ విశ్వవిద్యాలయముల అంతర్‌కళాశాలా పోటీలలో ఎన్నడును ఎదురుపడరు. 2018నాటి ప్రైవేటు విశ్వవిద్యాలయముల చట్టము వచ్చిన పిదప కొన్ని కళాశాలలు తామే విశ్వవిద్యాలయములగుచున్నవి. కనుక ముందుముందు ఈ గోడలు పెరుగునే కాని తరుగవు.

మా పూర్వవిద్యార్థి యొకడు కళాశాలలో చేరి కబడ్డీ జట్టునకు ఎన్నికయ్యెను. తెల్లవాఱకముందే బస్సెక్కి నగరము దాటి పోయి, నలుబది నిమిషములు ఆడి, అర్ధరాత్రి ఇల్లు చేరెను. మఱునాటి ప్రయోగపరీక్షకు ఆలస్యమాయెను. ఆ యేడాది తరువాత అతడు ఆట మానెను. ఓడి మానలేదు; అలసి మానెను.

హద్దులు మార్చుట అసాధ్యము కాదు. 2016 అక్టోబరు 11న తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయినవి. 2019లో 33 అయినవి. తాండూరు, వికారాబాదు మన జిల్లానుండి వేఱైనవి. పాలమూరు జిల్లాలోని షాద్‌నగరు మనలో చేరినది. నిన్నటి ప్రత్యర్థియే నేటి జట్టువాడు కాగలడని మన పాఠశాలల బాలురకు తెలిసినదే. పరిపాలనకై మార్పగలిగిన హద్దులను ఆటకై మార్పలేమా?

బలవంతునితో ఆడినగాని బలము రాదని కొందరు చెప్పుదురు. అది నిజమే. కనుకనే దూరపు పోటీలను మానుమని మేము అనుట లేదు. మొదటి మెట్టు దగ్గఱ నుండవలయునని యనుచున్నాము. అనుబంధ భేదము పాటింపక, ఒక ప్రాంతపు కళాశాలలన్నియు సెలవుదినములలో తొలుత తమలో తామాడవలెను. అందు రాణించినవారిని వారి వారి విశ్వవిద్యాలయములు ఎన్నుకొనవచ్చును. అప్పుడు వందలమంది దగ్గఱనే ఆడుదురు. దూరము పోవువారు కొలదిమందియే.

విద్యార్థులారా! మీరు రేపు కళాశాలలకు పోవుదురు. పై యధికారులు హద్దులు మార్చువఱకు వేచియుండ నక్కఱలేదు. ప్రక్క కళాశాలవారిని ఆదివారము సాయంకాలము ఆటకు పిలువుడు. దానికి ఎవరి యనుమతిపత్రమును వలదు. ఒక బంతి చాలును.