ఆమె నొప్పి మన లెక్కలోకి రాలేదు

రొమ్ము క్యాన్సర్ ముదిరి, గడ్డ పగిలి పుండైతే వచ్చే వాసన మన ఇళ్లలో చాలామందికి తెలుసు. అప్పుడు మనమేం చేశామో కూడా తెలుసు. మంచాన్ని వెనక గదిలోకి జరిపాం. సాంబ్రాణి వేశాం. అంటుకునే జబ్బు కాదని డాక్టరు చెప్పినా కంచం, గ్లాసు వేరు చేశాం. ఆమె పాత చీర చింపుకొని గుడ్డ మార్చుకుంటుంటే తలుపు దగ్గరికి వేసి ఇవతలికి వచ్చేశాం. విరేచనాలకు మనం వాడే మెట్రోనిడజోల్ మాత్రనే మెత్తగా నలిపి, శుభ్రం చేసిన పుండు మీద చల్లితే ఆ వాసన చాలావరకు తగ్గుతుంది. నొప్పి, బాధ తగ్గించే పాలియేటివ్ వైద్యంలోని నర్సులకు ఇది రోజువారీ పని. మనం అడగలేదు. ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన వాళ్లూ మనలోని వాళ్లే కదా!

అసలు ఆ గడ్డ పుండయ్యేదాకా ఎందుకు దాచింది? రొమ్ము గురించి నోరెత్తడం సిగ్గని చిన్నప్పటి నుంచీ నేర్పింది మనమే గనుక.

జబ్బు ఎముకలకు పాకాక రాత్రుళ్లు మూలుగు మొదలవుతుంది. ఇంకో కీమోకు పొలం తాకట్టు పెట్టడానికి వెనకాడని మనం, మార్ఫిన్ పేరు వినగానే వెనకాడాం. అలవాటు పడిపోతుందట! ఆయుష్షు నెలల్లో లెక్కపెట్టుకుంటున్న మనిషికి అలవాటు గురించి మన బెంగ. డాక్టరు పర్యవేక్షణలో నొప్పికి తగ్గ మోతాదులో వేసుకుంటే ఆ భయం చాలా తక్కువ. నాలుగు గంటలకోసారి మాత్ర, మలబద్ధకం రాకుండా తోడుగా మరో మందు, అంతే. ఎముక నొప్పికైతే ఒక్కసారి కరెంటు (రేడియేషన్) పెట్టించినా ఉపశమనం పొందేవాళ్లు ఎందరో.

ఇక చట్టం సంగతి. మధ్యప్రదేశ్, రాజస్థాన్‌లలో లైసెన్సులిచ్చి నల్లమందు పండించే దేశం మనది. అందులోంచి వచ్చే మార్ఫిన్‌ను మాత్రం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంతో సొంత రోగులకే అందకుండా చేసుకున్నాం. 2014లో సవరించాం. కాగితం మీద దారి తెరుచుకుంది గానీ, మన ఊళ్లలో మాత్ర కోసం ఇప్పటికీ బస్సెక్కాల్సిందే. కోజికోడ్‌లో 1993లోనే డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేష్‌కుమార్ వంటివాళ్లు పాలియేటివ్ సొసైటీ పెట్టారు. 2008కల్లా కేరళ దాన్ని ప్రభుత్వ విధానంగా మార్చుకుంది. అక్కడ మంచంపట్టిన మనిషి ఇంటికి పొరుగువాళ్లే వలంటీర్లుగా వెళ్తారు. మనం వెళ్లాం, పళ్లు పట్టుకుని, పరామర్శకు.

మన దగ్గర ఏమీ లేదనడం కూడా తప్పించుకోవడమే. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఏళ్లుగా నడుస్తోంది. తెలంగాణ జిల్లాల్లోనూ కేంద్రాలు వచ్చాయి. జబ్బు బయటపడ్డ నాటి నుంచే మిగతా చికిత్సతో పాటు అందాల్సిన ఈ వైద్యం కోసం మనం ఎప్పుడు వెళ్లాం? పెద్దాసుపత్రి వాళ్లు ‘ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి’ అన్నాక. మోయలేనంత ఫైలుతో. అందులో స్కానింగులున్నాయి, బిల్లులున్నాయి. నొప్పి ఎంతుందని ఆమెను అడిగి రాసిన కాగితం ఒక్కటీ లేదు.

అడగాలంటే ముందు నిజం చెప్పాలి. ‘అమ్మకు చెప్పొద్దు’ అని అమెరికా నుంచి కొడుకు, ‘చెబితే తట్టుకోలేదు’ అని ఇక్కడ కూతురు. నగలు ఎవరికివ్వాలనో, చెల్లెల్ని ఒకసారి చూడాలనుందనో, ఏది మాట్లాడబోయినా ‘నీకేం కాదు, ఊరుకో’ అని నోరు మూయించాం. ఆమెకు అంతా తెలుసు. మన కోసం ఏమీ తెలియనట్టు నటించింది. ఆ నొప్పితోనే ఆ పని కూడా ఆమె చేతే చేయించాం.