రెప్పపాటునకు ముందే



హైటెక్ సిటీ దాపున కొండాపూరులో మేమున్న మేడల సముదాయమునందు గత వేసవి సెలవులలో పిల్లల చేతికెల్ల ఎయిర్‌సాఫ్ట్ తుపాకులు వచ్చినవి. 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండును స్ప్రింగు త్రోసిన గాలిబలమున వెడలగొట్టు ఆటతుపాకి యిది. మా అబ్బాయియు నొకటి సంపాదించెను. పెట్టెమీద బొమ్మలు మెండుగా నున్నవి గాని గుండు వేగ మెంతయో యొక్క అక్షరమైన లేదు. ఒకనాడు పొరుగింటి చిన్నదాని కనుబొమ్మకు గుండు తగిలి రెండు దినములు వాచియుండెను. అంగుళము క్రిందికి దిగియుండినచో! ఆ రాత్రియే తుపాకిని బీరువాలో బెట్టి తాళము వేసితిని.

“అమ్మా! దాని వేగము నేను కొలిచి చూపెదను. ఆపైని నీ వేమన్న నదే” యని వాడు బ్రతిమాలెను.

పద్ధతి తేలికయే. జానెడు ప్లాస్టిక్ నీటిగొట్టమునకు సరిగా 10 సెంటీమీటర్ల యెడమున రెండుచోట్ల ఎదురెదురుగా రంధ్రములు చేయవలెను. ప్రతి జతలో నొకవైపు కంటికి గానరాని పరారుణకాంతి నిచ్చు చిన్నదీపము, రెండవవైపు ఆ కాంతిని గనిపెట్టు ఫోటోట్రాన్సిస్టరు. గుండు మొదటి కాంతిరేఖను ఖండించినతోడనే ఆర్డుయీనో యను చిన్నపలక కాలము లెక్కింప నారంభించును. రెండవదానిని ఖండింపగనే యాపును. దూరమును ఆ కాలముచే భాగించిన వేగము వచ్చును. సామగ్రి యంతయు కోఠీలోని గుజరాతీ గల్లీలో దొరకినది. రాయదుర్గమున 2023 మార్చిలో తెరచిన టీ-వర్క్స్ వంటి పెద్ద కర్మశాల మాకు సమీపముననే యున్నను, ఈ పనికి మా వంటయింటి బల్లయే చాలినది.

మొదటి రెండు దినములు పలక సున్నలే చూపెను. మా వారు బడిపంతుళ్ల యలవాటు చొప్పున లెక్క తప్పనిరి. లెక్క తప్పుగాదు. బాల్కనీలోని ఎండయందే పరారుణకాంతి సమృద్ధిగా నుండుటచే ఆ యంత్రపు కన్ను గుండునీడను గుర్తింపజాలకపోయినది. గొట్టము లోపల నల్లకాగితము చుట్టి, తలుపులు మూసినంతనే సంఖ్యలు వచ్చినవి. రంధ్రము గుండుకంటె సన్నముగా నుండవలెను సుమా. లేనిచో కాంతి ప్రక్కలనుండి జారిపోవును.

పదిమారులు పేల్చి సగటు దీసితిమి: 1.6 మిల్లీసెకనులు. అనగా సెకనుకు 62.5 మీటర్లు. గుండు బరువు 0.20 గ్రాములు గనుక శక్తి 0.39 జూలు. జపానులో 2006లో సవరించిన శాసనము ఇట్టి గుండునకు విధించిన హద్దు సుమారు 0.98 జూలు. “అందులో సగమైన లేదుగదా” యని మా వారు సంతోషించిరి.

నాకు మాత్రము వేరొక లెక్క తోచినది. మన పూర్వులు రెప్పపాటునే నిమేషమని కాలమానముగా గైకొనిరి. కన్ను ఉలికిపడి రెప్ప వాల్చుటకు సెకనులో ఇంచుమించు పదవవంతు పట్టును. 3 మీటర్లనుండి వచ్చు ఈ గుండునకు ఇరువదవవంతు చాలును. భగవంతుడు కంటికిచ్చిన కవాటము మూతపడకమునుపే అది లోనికి వచ్చును. అప్పుడు జూలులు తక్కువయని యెవరికి జెప్పుకొందుము?

తుపాకిని తిరిగి యిచ్చితిని గాని, కన్నుల చుట్టు మూసియుంచు పాలికార్బొనేటు అద్దములు పేల్చువారికేగాక చూచువారికిని లేనిదే గుండు నింపరాదనియు, అట్టపెట్టెలో పాతదుప్పటి వ్రేలాడగట్టి దానికే గురిపెట్టవలెననియు కట్టడి చేసితిని. మూతి ముడుచుకొనియే యొప్పుకొనెను.

మొన్న ఆదివారము పైయంతస్తు బాలుడు లోహపు తుపాకి తెచ్చి మా గొట్టములో పేల్చెను. సరిగా 1 మిల్లీసెకను. సెకనుకు 100 మీటర్లు, 1 జూలు. వాని తల్లిగారు ఆ యంకెను రెండుమారులు చదివి, తుపాకిని పైటచెంగున జుట్టుకొని యింటికి గొనిపోయిరి.