వ్రతకథలో నష్టపోయిన భక్తుడు ఉండడు

సత్యనారాయణ వ్రతకథ నడక చాలామందికి తెలిసిందే. పేద బ్రాహ్మణుడు వ్రతం చేశాడు, దరిద్రం తీరింది. కట్టెలమ్ముకునేవాడు చేశాడు, అతనికీ సంపద కలిగింది. షావుకారు చేస్తానని మొక్కి వాయిదా వేశాడు, చెరసాల పాలయ్యాడు. కళావతి ప్రసాదం తీసుకోకుండా భర్తను చూడాలని పరిగెత్తింది, అతనితో సహా పడవ మునిగింది. తుంగధ్వజుడు గొల్లలిచ్చిన ప్రసాదాన్ని కాదన్నాడు, కొడుకుల్నీ సంపదనీ పోగొట్టుకున్నాడు. అయిదు అధ్యాయాలూ గాలించినా, అన్నీ సక్రమంగా చేసి, ప్రసాదం కళ్లకద్దుకుని తిని, అయినా దివాలా తీసిన మనిషి ఒక్కడూ కనిపించడు. అతనికి చోటిస్తే కథ నిలవదు. పుస్తకాల షాపుల్లో వ్యక్తిత్వ వికాసం అరల నిండా, ఫోన్లలో ఆర్థిక స్వేచ్ఛ నేర్పే వీడియోల నిండా ఇప్పుడున్నది ఈ కథే. తెల్లవారుజామున లేచినవాడు కంపెనీ పెట్టాడు, లక్ష్యాన్ని రోజూ కాగితం మీద రాసుకున్నవాడు కోటీశ్వరుడయ్యాడు, మధ్యలో మానేసినవాడు ఉన్నచోటే ఉండిపోయాడు. లేచి, రాసుకుని, ఒక్కరోజూ మానకుండా చేసి, చివరికి అప్పుల్లో తేలినవాడికి ఒక్క పేజీ దొరకదు. దేవుణ్ని తీసేసినంత మాత్రాన వ్రతం శాస్త్రం అయిపోదు.

ఈ లోపం ఇవాళ కొత్తగా బయటపడిందేమీ కాదు. డయాగరస్ అనే గ్రీకు నాస్తికుడి గురించి సిసెరో ఒక సంగతి రాశాడు. తుఫాను నుంచి బయటపడ్డవాళ్లు సమర్పించిన మొక్కుబడి పటాలు చూపించి దేవతల మహిమ ఒప్పుకోమంటే, మునిగిపోయినవాళ్ల పటాలు ఎక్కడా పెట్టలేదేమని అతను అడిగాడట. రెండువేల ఏళ్ల తర్వాత కూడా విజయ సూత్రాల వ్యాపారం ఆ ప్రశ్నను తప్పించుకునే బతుకుతోంది. 1937లో వచ్చిన నెపోలియన్ హిల్ పుస్తకం ‘థింక్ అండ్ గ్రో రిచ్’కు పునాది, ఉక్కు కుబేరుడు ఆండ్రూ కార్నెగీ తనకు రహస్యం చెప్పాడన్న కథ. కార్నెగీ 1919లోనే చనిపోయాడు. వాళ్లిద్దరూ కలిశారనడానికి హిల్ మాట తప్ప ఆధారం బయటపడలేదు. ఇంతకంటే ఎంతో శ్రద్ధగా పనిచేసినవాడు జిమ్ కాలిన్స్. 2001లో వచ్చిన ‘గుడ్ టు గ్రేట్’ కోసం ఆయన బృందం బాగా ఎదిగిన 11 అమెరికన్ కంపెనీలను ఏరి, ఎదగని కంపెనీలతో పోల్చి మరీ సూత్రాలు తీసింది. ఆ పదకొండులో సర్క్యూట్ సిటీ 2008లో దివాలా పిటిషన్ పెట్టింది, అదే ఏడాది ఫ్యానీ మే ప్రభుత్వ అధీనంలోకి పోయింది. గెలిచినవాళ్లను ముందు ఎంచుకుని గెలుపు గుణాలను తర్వాత వెతికితే ఏవో కొన్ని దొరక్క తప్పదు. అవే గుణాలున్న ఓడినవాళ్లెందరో లెక్కపెట్టినప్పుడే వాటి విలువ తెలుస్తుంది.

వ్రతానికి రోజుల లెక్క కావాలి కదా, ఇక్కడా ఉంది. అయ్యప్ప దీక్షకు 41 రోజులు, కొత్త అలవాటుకు 21 రోజులు. ఈ ఇరవయ్యొకటి మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960 నాటి పుస్తకంలోంచి వచ్చింది. శస్త్రచికిత్స తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడటానికి రోగులకు కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. చేతులు మారేసరికి ‘కనీసం’ రాలిపోయింది, రోగులూ రాలిపోయారు, అంకె మిగిలింది. అసలు కొలిచి చూసినవాళ్లు లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు. 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన వాళ్ల అధ్యయనంలో, అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారింది. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టమేమీ లేదని కూడా తేలింది. నియమం తప్పితే ఫలం పోతుందన్న వ్రతభంగ భయం ఇక్కడ చెల్లదు. ఇక అయిదింటికి లేవడమనేది మన బ్రాహ్మీ ముహూర్తమే, విదేశం వెళ్లి పుస్తకం అట్టమీద ఎక్కి తిరిగొచ్చింది. పెందరాళే మెలకువ రావడం, రాత్రి పొద్దుపోయాక బుర్ర చురుగ్గా పనిచేయడం కొంతవరకు పుట్టుకతో వచ్చే లక్షణాలు. రాత్రి షిఫ్టు చేసే నర్సుకు అయిదింటి సూత్రం చెప్పడం కంటే ఆమెను నిద్రపోనివ్వడం మేలు.

డబ్బు దగ్గరికి వచ్చేసరికి పాత నమ్మకమూ కొత్త నమ్మకమూ ఒకే ఇంట్లో కాపురం చేస్తాయి. అక్షయ తృతీయ నాడు బంగారం కొంటే సంపద తరగదంటారు. 2012 చివర్లో పది గ్రాముల మేలిమి బంగారం 31 వేల రూపాయల దరిదాపుల్లో ఉంది. 2018లోనూ దాదాపు అక్కడే ఉంది. మధ్యలో ఆరు అక్షయ తృతీయలు వచ్చి వెళ్లాయి. ఆ తర్వాత ధర రెండింతలు దాటిన మాట నిజమే, కానీ తిథి చూసుకుని కొన్నవాళ్లకూ, అమావాస్య మర్నాడు కొన్నవాళ్లకూ అలాగే పెరిగింది. తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ మాత్రం తిథితో నిమిత్తం లేకుండా కొన్న క్షణంలోనే తరిగిపోతాయి. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీలో 1957 నుంచి దీపావళి నాడు ఓ గంటసేపు ముహూర్తం ట్రేడింగ్ జరుగుతోంది. ఆ శుభఘడియలో ఒకడు షేరు కొన్నాడంటే, సరిగ్గా అదే ఘడియలో ఇంకొకడు దాన్ని వదిలించుకున్నాడు. ముహూర్తం ఎవరి పక్షం? శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. ఆ గంటన్నరలోనూ మార్కెట్ నడుస్తుంది, కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ రాహువు కింద సమానమే, ఫలితాలు మాత్రం చెరోవైపు.

ఇందులో నష్టమేముంది, నమ్మకం మనిషికి ధైర్యమిస్తుంది కదా అనేవాళ్లున్నారు. కొట్టిపారేయదగిన వాదన కాదు, కానీ పరీక్షకు నిలబడలేదు. గాబ్రియెల్ ఎటింగెన్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త సహచరుడితో కలిసి 1991లో ప్రచురించిన అధ్యయనంలో, బరువు తగ్గించే కార్యక్రమంలో చేరిన మహిళలను పరిశీలించారు. తగ్గగలమన్న అంచనా ఉన్నవాళ్లు ఎక్కువ తగ్గారు. సన్నబడిన తమ రూపాన్ని అందంగా ఊహించుకుంటూ గడిపినవాళ్లు తక్కువ తగ్గారు. ఉద్యోగం కోసం చూస్తున్న జర్మన్ పట్టభద్రుల మీద జరిగిన మరో అధ్యయనంలోనూ, కమ్మని ఊహలు ఎక్కువున్నవాళ్లకు రెండేళ్ల తర్వాత తక్కువ అవకాశాలు, తక్కువ జీతాలు కనిపించాయి. గోడమీద కారు బొమ్మ అంటించి రోజూ చూడమనే గురువులు ఈ తేడా చెప్పరు. ధైర్యం ఖరీదెంతో మన దేశంలోనే లెక్కతేలింది. 2024 సెప్టెంబరులో సెబీ ఇచ్చిన అధ్యయనం ప్రకారం, మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు, సగటున తలా దాదాపు రెండు లక్షలు. నష్టాలు వరసగా వస్తున్నా, పోగొట్టుకున్నవాళ్లలో ముప్పాతిక మందికి పైగా మళ్లీ దిగారు. దిగరా మరి! సిస్టమ్ సరైందే, నీకు డిసిప్లిన్ లోపించిందని కోర్సు అమ్మినవాడు చెబుతాడు. పూజలో అంగలోపం జరిగిందని పురోహితుడు చెప్పినట్టే.

పద్ధతులన్నీ బూటకమని నా వాదన కాదు. నిలబడే పద్ధతిని పట్టుకోవడానికి నేను వాడే గీటురాయి ఒకటే: నమ్మనివాడికి కూడా అది పనిచేయాలి. రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్జీ అమెరికాలో ఒక కంపెనీ ఉద్యోగులతో, ముందుముందు జీతం పెరిగినప్పుడల్లా అందులో కొంత దానంతటదే పొదుపులోకి పోయేలా ముందే ఒప్పందం చేయించారు. చేరినవాళ్ల పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి పెరిగింది. వాళ్లెవరూ పొద్దున్నే లేవలేదు, సంకల్పం చెప్పుకోలేదు. సారా వ్యతిరేక ఉద్యమం వెనకే 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా మహిళలు మొదలుపెట్టిన పొదుపు సంఘాలదీ ఇదే కిటుకు. రోజుకు రూపాయి, అడిగేందుకు పక్కింటి సభ్యురాలు, రాసేందుకు ఒక పుస్తకం. లక్ష్మీదేవి గడప దాటుతుందని శుక్రవారం, దీపాలు పెట్టే వేళ డబ్బు చేతికివ్వని ఇళ్లలో కూడా, తేదీ శుక్రవారమే పడినా బ్యాంకు వాయిదా కోసుకుపోతుంది. ఎవరి ఇంటి లక్ష్మీ అలగలేదు. క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ పడుతుంటే దాన్ని ముందు తీర్చడం ఏ రహస్యమూ కాదు, కూడికలు తెలిస్తే చాలు. అయితే నువ్వూ ఒక సిస్టమ్‌ని నమ్ముతున్నావుగా అంటారు. ఆరు నెలల్లో బాకీ ఇంత తగ్గకపోతే ఈ పద్ధతి వదిలేస్తానని మొదటిరోజే అంకెలతో రాసి పెట్టుకోవచ్చు. అలా రాసిపెట్టిన వ్రతవిధానం ఒక్కటి చూపిస్తే నా మాట వెనక్కి తీసుకుంటాను.

మిగిలింది అన్నిటికంటే క్రూరమైన నమ్మకం. మనసు మారితే డబ్బు వస్తుందట, రానివాడి ఆలోచనలోనే దోషం ఉందట. కర్మ సిద్ధాంతం పూర్వజన్మ మీదికి నెట్టిన నేరాన్ని ఇది ఈ జన్మలోని మనస్తత్వం మీదికి నెట్టింది, అంతే తేడా. తమిళనాడు చెరకు రైతులు 464 మందిని కోతకు ముందూ తర్వాతా పరీక్షించిన అధ్యయనం 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. చేతిలో డబ్బాడని కోత ముందు రోజుల్లో ఏకాగ్రత, తర్కం పరీక్షల్లో వెనకబడ్డ రైతులే డబ్బు అందాక మెరుగ్గా చేశారు. అదే మనిషి, అదే మనసు, జేబు మాత్రం మారింది. చెరకు అప్పగించిన 14 రోజుల్లో మిల్లు డబ్బు చెల్లించాలనీ, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలనీ 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. బకాయిలు మాత్రం ఇప్పటికీ పేపర్లలో వార్తలవుతూనే ఉన్నాయి. ఆ రైతు ఉత్పాదకత పెంచాలని నిజంగా కోరేవాళ్లు అతనికి లక్ష్యాలు రాసుకునే డైరీ అమ్మేముందు ఆ గడువు అమలు చేయించాలి.