నవ్వితే ఏడుపొస్తుందిట!

"అంతలా నవ్వకే తల్లీ, తర్వాత ఏడవాల్సొస్తుంది!"

ఈ మాట వినకుండా పెరిగిన ఆడపిల్ల మన ఇళ్ళల్లో ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి. మగపిల్లాడు ఇల్లెగిరిపోయేలా నవ్వినా ఎవరూ పట్టించుకోరు. ఆడపిల్ల స్నేహితురాళ్ళతో కూచుని పొట్ట పట్టుకుని నాలుగు నిమిషాలు నవ్విందా, ఇంట్లో ఏ పెద్దావిడో రాబోయే కష్టాన్ని కళ్ళారా చూసినట్టు మొహం పెడుతుంది. నవ్వంటే అప్పు తెచ్చుకున్నదనీ, ఎప్పుడో ఒకప్పుడు వడ్డీతో సహా కన్నీళ్ళతో తీర్చాలనీ మనకి ఉగ్గుపాలతో పోస్తారు.

నాకీ మాటంటే ఒళ్ళుమంట.

జీవితం నీటిబుడగ అంటారు. కాదని నేననను. పొద్దున టిఫిన్ తిని ఆఫీసుకెళ్ళిన మనిషి సాయంత్రం తిరిగి రాకపోవచ్చు. అయితే ఆ నిజంలోంచి మనం తీస్తున్న నీతి ఏమిటి? రేపెలా ఉంటుందో తెలీదు కనుక ఇవాళ బిక్కుబిక్కుమంటూ బతకాలని! నేను బి.ఏ.లో లాజిక్ చదువుకున్నదాన్నే. మార్కులు అంతంతమాత్రం లెండి. అయినా ఇంత తలకిందుల తర్కం ఆ పుస్తకంలో ఎక్కడా కనపడలేదు.

మా బంధువుల్లో ఒకావిడ ఉండేది. బీరువా నిండా పట్టుచీరలు, మధ్యమధ్య కలరా ఉండలు. ఎవరింట్లో పెళ్ళయినా రెండోరకం చీరే కట్టుకొచ్చేది. "అదేం పిన్నీ, ఆ ఆకుపచ్చ కంచిపట్టు కట్టుకోలేదేం?" అంటే, "మా పెద్దాడి పెళ్ళికి ఉంచానే" అనేది. పెద్దాడి పెళ్ళీ అయింది. ఆ హడావిడిలో నలిగిపోతుందని తియ్యలేదు. ఆ తర్వాత మనవడి ఒడుగుకి ఉంచింది. ఆవిడ పోయాక కూతుళ్ళు ఆ చీర విప్పితే, ఏళ్ళతరబడి మార్చని మడతల వెంబడి జరీ విరిగి, పట్టు చీలికలు చీలికలుగా చేతికొచ్చింది. కట్టుకుని చింపుకుంటే కాస్త సరదా అయినా మిగిలేది కదా!

చీర సంగతి సరే. అలా మడతపెట్టి దాచినవి మనకింకెన్ని! వీణ పాఠం పిల్లలు స్కూలుకెళ్ళాక. కాశీయాత్ర అమ్మాయి పురుడయ్యాక. 2020లో కరోనా వచ్చి తలుపులేసుకు కూచున్నప్పుడు ప్రతివాళ్ళూ ఫోన్లో ఏమన్నారు? "ఇది గట్టెక్కితే చాలు, ఇక హాయిగా బతకాలి" అన్నారా లేదా? మనం గట్టెక్కాం. ఆ హాయి మాత్రం ఇంకా బీరువాలోనే ఉంది.

"ఈ వయసులో మాకెందుకమ్మా ఇవన్నీ?" అనేవాళ్ళకి దుర్గాబాయమ్మని గుర్తుచేస్తాను. రాజమండ్రిలో ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. పెద్దయ్యాక ఆ కాపురం తనకొద్దంది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళి, బయటికొచ్చాక, ఇరవై దాటిన వయసులో మెట్రిక్ పరీక్షకి కూచుంది. అక్కణ్ణించి బి.ఏ., ఆపైన లా. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది. 1953లో, నలభై మూడేళ్ళప్పుడు, సి.డి. దేశ్‌ముఖ్‌గారిని పెళ్ళాడింది. సాక్షుల్లో ఒకరు నెహ్రూగారు. నలభై మూడా అని ముక్కున వేలేసుకున్నవాళ్ళు అప్పుడూ ఉండే ఉంటారు. వాళ్ళ పేర్లు మనకెవరికైనా తెలుసా?

"నీకేం తల్లీ, రాసుకునేదానివి. అప్పుచేసి పప్పుకూడు తినమంటావా?" అని కొందరు దులిపేస్తారు. అనను. బీమా కట్టండి, పిల్లల చదువుకి దాచండి. రేపటికి ఏర్పాటు చేసుకోవడం వేరు, రేపటికి జడిసి ముడుచుకోవడం వేరు. ఈ తేడా దివిసీమవాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి పదివేలమందికి పైగా మనుషుల్ని పొట్టన పెట్టుకుంది. ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలినవాళ్ళు సముద్రాన్ని తిట్టుకుంటూ వలస పోయారా? ఉప్పునీళ్ళు నిలిచిన చేలల్లోనే మళ్ళీ నాగలి కట్టారు. పిల్లలకి పెళ్ళిళ్ళు చేశారు, భోగిమంటలు వేశారు. దాంతో ఊరుకోలేదు. తీరం పొడుగునా తుఫాను ఆశ్రయ భవనాలు లేచాయి. 1990 మేలో మళ్ళీ ఆ కృష్ణా తీరానికే పెద్ద తుఫాను వస్తే, జనాన్ని ముందే తరలించడంవల్ల పోయినవాళ్ళు వెయ్యికి లోపే. ఆ వెయ్యీ తక్కువని కాదు, ఆ ఇళ్ళలో దుఃఖం దుఃఖమే. కానీ ఆశ అని నేనంటున్నది ఈ చేవని.

అసలు కోపం ఇప్పుడు చెబుతాను. నవ్వొద్దన్న నోరే "ఆస్పత్రి మాట ఎత్తకు, అశుభం" అని కూడా అంటుంది. మన దేశంలో ఆడవాళ్ళకి ఎక్కువగా వస్తున్న కాన్సరు రొమ్ము కాన్సరే. తొలిదశలో పట్టుకుంటే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువని డాక్టర్లు మొత్తుకుంటున్నారు. అయినా చేతికి గడ్డ తగిలాక కూడా, పిల్లాడి ఇంటర్ పరీక్షలయ్యాక, దసరా పేరంటాలయ్యాక చూపించుకుందామని కొంగు సర్దుకుని వంటింట్లోకి వెళ్ళిపోయే ఇల్లాళ్ళు నాకు తెలుసు. వాళ్ళలో ఒకామె ఇవాళ లేదు. ఆమె చాలా బాగా నవ్వేది. డాక్టరు దగ్గరికి వెళ్ళి అడిగినంతమాత్రాన లేని రోగం రాదమ్మా, ఉన్న రోగం దాస్తే పోదు. ఇంట్లోవాళ్ళకి ఒకపూట అన్నం ఆలస్యమైతే కొంపలేం మునగవు. వాళ్ళకీ కుక్కరు పెట్టడం వచ్చు, రాకపోతే నేర్చుకుంటారు.

ఈ వ్యాసం చదివి "కోడళ్ళని చెడగొడుతున్నావు" అని కార్డు రాసే అత్తగార్లకి ముందుగానే నమస్కారం. మీ బీరువాలోనూ ఒక ఆకుపచ్చ కంచిపట్టు ఉండే ఉంటుంది. నాది వంగపండు రంగు. రేపు అదే కట్టుకుని కూరల బజారుకెళ్ళబోతున్నాను. పట్టుచీర చూసి వంకాయల ధర రెండింతలు చెప్తాడేమో. చెప్పనివ్వండి, బేరమాడ్డం నాకొచ్చు.