బాధకు కారణమా, పరమార్థమా?

ఫ్రెంచి తత్త్వవేత్త, కార్మికోద్యమ కార్యకర్త సిమోన్ వేయ్ (1909–1943) పేరు తెచ్చుకున్నది ఎక్కువగా తాను పోయాక అచ్చయిన రాతలతోనే. మతాచారాలు పట్టని యూదు కుటుంబంలో, పారిస్‌లో పుట్టిన ఆమె క్రమంగా క్రీస్తు వైపు మొగ్గింది. చర్చి గడప బయటే నిలబడింది. 1942లో దేశం విడిచే ముందు తన నోటుపుస్తకాలను గుస్తావ్ తిబోఁ అనే కాథలిక్ రచయితకు అప్పగించింది.

తిబోఁ వాటిలోంచి కొన్ని భాగాలు ఏరి, అంశాలవారీగా పేర్చి, 1947లో ‘గురుత్వం, కృప’ పేరుతో వెలువరించాడు. అసలు నోటుపుస్తకాల్లో గ్రీకు తత్త్వం పక్కన గణితం, దాని పక్కన భగవద్గీత కనిపిస్తాయి. గీతను మూలంలో చదవాలని ఆమె సంస్కృతం నేర్చుకుంది. సంకలనంలో ఆ వెతుకులాట వెనక్కి పోయి సూక్తులు ముందుకొచ్చాయి. నోటుపుస్తకాలు మూడు సంపుటాలుగా రావడం 1951లో మొదలై 1956లో ముగిసింది. అప్పటికే ఆమెకు సాధ్వి అన్న ముద్ర పడింది.

వీటికి ముందుది ఫ్యాక్టరీ డైరీ. 1934 డిసెంబరు నుంచి 1935 ఆగస్టు దాకా ఆమె ఆల్‌స్తోమ్, రెనో వంటి కర్మాగారాల్లో కూలికి పనిచేసింది. ఏ రోజు ఎన్ని ముక్కలు చేసింది, ఎంతసేపు పట్టింది, ఎంత కూలి గిట్టింది అన్నది డైరీకెక్కించింది. అలసట, తలనొప్పి, అవమానం అన్నీ అందులో ఉన్నాయి. పీస్‌రేటు (ముక్కల లెక్కన కూలి), పని వేగం, పైవాళ్ల ఆజ్ఞలు అనే కారణాలూ పక్కనే ఉన్నాయి. కారణం తెలిస్తే మార్చమని అడగవచ్చు. ఆమె అడిగింది కూడా.

నోటుపుస్తకాల్లో దారి మారింది. సృష్టికి చోటివ్వడానికి దేవుడు తప్పుకున్నాడనీ, మనిషి కూడా ‘నేను’ను వదులుకోవాలనీ ఆమె భావన. ఓదార్చే విశ్వాసాన్ని ఆమె నమ్మలేదు. నాస్తికత్వం మతాన్ని కడిగి శుభ్రం చేస్తుందని కూడా అంది. హేతువాదికి నచ్చే మాటే. కానీ ఆ విమర్శను తన సిద్ధాంతం మీద ప్రయోగించలేదు. దేవుడు కనిపిస్తే అది కృప, కనిపించకపోతే అది ప్రేమతో తప్పుకోవడం. ఏది జరిగినా రుజువే అయ్యే మాటను పరీక్షించే వీలుండదు. ఆమె భావించినట్టు మనిషిని నలిపేసే బాధ ఆత్మకు ద్వారమైతే, పీస్‌రేటు సంగతి పక్కకు పోతుంది. ‘అంతా కర్మ’ అన్న మాట మన ఊళ్లలో చేసే పనీ ఇదే, దాని తర్కం వేరైనా.

1943 ఆగస్టు 24న ఇంగ్లండులోని ఆష్‌ఫర్డ్ శానిటోరియంలో, 34వ ఏట ఆమె చనిపోయింది. క్షయ ఉన్నా సరిగా తినలేదు. ఫ్రాన్సులో జనం తినేదానికి మించి తినననడమే అందుకు కారణమంటారు. అభిమానులు దాన్ని త్యాగంగా చూశారు. మరణ విచారణలో మాత్రం ఆకలి, క్షయలతో గుండె దెబ్బతిన్నదని తేల్చారు. మతి స్తిమితం తప్పి తిండి మానేసి చేసుకున్న ఆత్మహత్యగా నమోదు చేశారు.