కూతవేటు దూరంలో మారిపోయే ప్రాణం విలువ



సరిహద్దు అంటే ఏమిటో జూజువాడి వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బస్సెక్కి పనికి పోతే కన్నడం. 1956లో భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు మన హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. ఆ బాధ పాతది. ఇప్పుడు రాస్తున్నది అది కాదు. చనిపోయినవాళ్ళ ఇళ్ళకు చేరే డబ్బును కూడా ఆ గీతే ఎలా మారుస్తుందో రాస్తున్నాం.

2023 జూలై 29న కృష్ణగిరి పళయపేటలో టపాసుల గోదాము పేలి 9 మంది చనిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి 3 లక్షలు ప్రకటించింది. ప్రధానమంత్రి సహాయ నిధి నుంచి 2 లక్షలు ప్రకటించారు. రెండు నెలలు దాటగానే, అక్టోబరు 7న, మనకు కూతవేటు దూరంలోని అత్తిబెలెలో టపాసుల దుకాణం అంటుకుంది. మొదట 14 మంది పోయారు, తర్వాత ఆసుపత్రిలో మరికొందరు. చాలామంది తమిళనాడు పల్లెల నుంచి దీపావళి పనికి వచ్చినవాళ్ళు, అందులో చదువుకునే కుర్రాళ్ళు కూడా. ఇక్కడ కర్ణాటక 5 లక్షలు, తమిళనాడు 3 లక్షలు ప్రకటించాయి.

ఒకే ఏడాది, ఒకే రహదారి, ఒకే రకం మందుగుండు. లెక్క మాత్రం వేరు.

2020 మే 7న విశాఖలో ఎల్జీ పాలిమర్స్ విషవాయువుకు బలైనవారి కుటుంబాలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. 2025 జూన్ 30 నాటి పాశమైలారం పేలుడు తర్వాత తెలంగాణ ముఖ్యమంత్రి కూడా కోటి అన్నారు. ఆ కోటి ఎక్కువని మేము అనం. పోయిన మనిషికి కోటి కూడా తక్కువే. మా ప్రశ్న ఒక్కటే: అత్తిబెలెలో కాలిపోయిన కూలీ కొడుకు ప్రాణం ఎందులో తక్కువ?

ఎక్స్‌గ్రేషియా అనే మాటకు అర్థమే దయతో ఇచ్చేది అని. దయకు కొలత ఉండదు. టీవీలో ఎన్ని రోజులు చూపించారు, ఎన్నికలు ఎంత దగ్గరలో ఉన్నాయి అన్నదాన్ని బట్టి అది పెరుగుతుంది, తరుగుతుంది. హక్కు అలా మారదు.

ఇక ఇది ఎవరి బాధ్యత? రాజ్యాంగం ఏడో షెడ్యూలు చూడండి. పేలుడు పదార్థాలు కేంద్ర జాబితాలో 5వ అంశం. చట్టం 1884 నాటిది, నియమాలు 2008 నాటివి, రెండూ కేంద్రానివే. పెద్ద లైసెన్సులు ఇచ్చే పెసో సంస్థ కేంద్ర వాణిజ్య శాఖ కింద ఉంది. చిన్న దుకాణాలకు జిల్లా అధికారులు లైసెన్సు ఇస్తారు, అదీ ఆ కేంద్ర నియమాల కిందే. అయితే ప్రమాదం జరిగాక ఢిల్లీ చేతి నుంచి వచ్చేది ఆ సహాయ నిధి 2 లక్షలు. ఆ నిధికి బడ్జెట్ నుంచి పైసా రాదు, అంతా జనం ఇచ్చిన విరాళాలే. అంటే అధికారం కేంద్రానిది, ఖర్చు రాష్ట్రానిది, చందా మనది!

భోపాల్ తర్వాత, 1991లో, ప్రమాదకర పదార్థాలు వాడే యజమానులు బీమా చేయించాలని కేంద్రం చట్టం తెచ్చింది. మరణానికి అప్పట్లో అందులో రాసిన మొత్తం 25,000 రూపాయలు. అదీ బయటివారికే, పనివాళ్ళకు వర్తించదు. పనివాళ్ళు 2025 దాకా 1923 నాటి చట్టం పట్టుకుని కార్మిక శాఖ కమిషనరు దగ్గరకు పోవాల్సి వచ్చేది. హాజరు పట్టీలో పేరే లేని పండగ కూలీ ఏ కాగితం చూపిస్తాడు?

అదే రైలు ప్రమాదమైతే? మరణానికి 8 లక్షలని 2017 నుంచి నియమాల్లోనే ఉంది. పట్టాలు ఏ రాష్ట్రంలో ఉన్నాయని ఎవరూ అడగరు. ఇవ్వకపోతే ట్రిబ్యునల్ ఉంది. రైళ్ళూ కేంద్ర జాబితాలోవే, పేలుడు పదార్థాలూ అందులోవే. అక్కడ ఉన్న హక్కు ఇక్కడ ఎందుకు లేదు?

"కేంద్రం చేతికిస్తే భోపాల్ అవుతుంది" అని కొందరంటారు. ఆ భయం న్యాయమైనదే. 1985లో బాధితులందరి తరఫున కొట్లాడే హక్కు కేంద్రమే తీసుకుంది. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ పడింది. చాలలేదని మళ్ళీ కోర్టుకు పోతే 2023 మార్చిలో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, లోటు పూడ్చాల్సింది కేంద్రమేనని చెప్పింది. అందుకే బాధితుల తరఫున బేరమాడే పని కేంద్రానికి ఇవ్వమని మేము అడగడం లేదు. మొత్తాన్ని చట్టంలో రాయమంటున్నాం.

మేము కోరేది ఇది. పేలుడు పదార్థాల ప్రమాదంలో పోయిన ప్రతి ప్రాణానికీ దేశమంతా ఒకే కనీస మొత్తం. దానికి లైసెన్సు రుసుములోంచి, యజమానుల బీమాలోంచి కేంద్రం పెట్టే నిధి. గడువులోగా ఇంటికి చేర్చే పని జిల్లా కలెక్టరుది. తప్పు చేసిన యజమాని నుంచి రాబట్టుకునే పని ప్రభుత్వానిది, విధవరాలిది కాదు. ఆపైన ఏ రాష్ట్రం ఎంత ఇచ్చినా దండం పెడతాం.

దీపావళి ప్రతి ఏడూ వస్తుంది. అత్తిబెలె దారిలో టపాసుల దుకాణాలూ ఉంటాయి, వాటిలో పనికి పోయే మన పిల్లలూ ఉంటారు. ఓటు అడగడానికి వచ్చే ప్రతి ఎంపీ అభ్యర్థినీ ఈ ఒక్క మాట అడగండి. మేమూ అడుగుతాం.